వాన కథకు వాన చప్పుడు: బొమ్మల పుస్తకం చదివేటప్పుడు పాట, ధ్వని ఎట్లా వాడాలి?

ఊరిబడి_లైబ్రరీ (ఉరవకొండ) | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఒకటి, రెండు తరగతులు కలిపి 28 మంది పిల్లలు. చేతిలో ఉండేది 40 నిమిషాలు. పుస్తకం 16 పేజీలది: ఎండిన చెరువు, మబ్బు, గాలి, మెరుపు, ఉరుము, వాన, కప్పలు, చివర్లో వేరుశనగ చేలో మొలకలు. ఖర్చు 500 రూపాయలు దాటకూడదు. ఫోన్‌లో వాన చప్పుడు పెట్టి బ్లూటూత్ స్పీకర్‌లో వినిపిస్తుంటే పిల్లల చూపంతా స్పీకర్ మీదికే పోతోంది. పైగా ఉరుము బొమ్మ దాటిపోయాక ఉరుము వినబడుతోంది. దీన్ని దారిలో పెట్టేదెట్లా?

తెరవెనుక (ధర్మవరం) | 9:05

స్పీకర్‌ను కాసేపు పక్కన పెట్టన్నా. ముందు పుస్తకం, పెన్సిలు తీసుకో. ఒక్కో జంటపేజీని రెండు ప్రశ్నలు అడుగు. ఈ బొమ్మ తనంతట తాను ఏం చెప్తాంది? ఏం చెప్పలేకపోతాంది? చెరువు నెర్రెలిచ్చిందని బొమ్మే చెప్తాంది, దానికి చప్పుడు అక్కర్లేదు. ఉరుమును ఏ బొమ్మా ఉరమలేదు, దానికి కావాల. మొలకల పేజీకి ఏమీ వద్దు. అంతసేపు వాన మోగి ఒక్కసారిగా గది సద్దుమణిగితే, పిల్లోళ్లు ఆ పచ్చ చుక్కల కోసం బొమ్మలో వెతుక్కుంటారు. ఈ లెక్కన నీ పుస్తకంలో గాలి, ఉరుము, వాన, కప్పలు, నాలుగే. అంతకు మించితే కథ పోయి కచేరీ అయితాది.

వరస కూడా ముఖ్యం. పేజీ తిప్పు. మనసులో నాలుగు లెక్కపెట్టు, నోరు తెరవొద్దు. అప్పుడు వాక్యం చదువు. ఆ తర్వాతే చప్పుడు. పేజీ తిప్పీ తిప్పకముందే చప్పుడు చేస్తే కన్ను బొమ్మ మీద నిలవదు. ఒక్క ఉరుముకే ఇది తిరగబడాల: ముందు చప్పుడు, ‘ఏందది?’ అని పిల్లోళ్లు అనుకునేలోపల పేజీ. ఇట్లా వరస తిరగబడేది పుస్తకానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మూడోసారికి ఎవరూ ఉలిక్కిపడరు.

చూపు స్పీకర్ మీదికి పోయేది ఎందుకంటే చప్పుడు పుట్టే చోటు కనబడతాంది కాబట్టి. మా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఊరోళ్ల తోలుబొమ్మలాటలో తాళాలు, మద్దెల, యుద్ధానికి కాళ్ల కింద తొక్కే చెక్కపలకలు, అన్నీ తెర వెనకే ఉంటాయి. కంటికి కనబడేది బొమ్మ ఒక్కటే, అందుకే ఆ చప్పుడు బొమ్మదే అనిపిస్తాది. నువ్వు కూడా పుస్తకం వెనక ఒక కుర్చీ పెట్టి, దాని మీద దుప్పటి కప్పి, చప్పుళ్ల సామానంతా దాని వెనక పెట్టు. పిల్లలే చప్పుడు చేస్తాంటే ఆ బాధ లేదు, వాళ్ల చేతులు వాళ్లకు కొత్త కాదు కదా.

కొర్రలడబ్బా (అనంతపురం) | 9:32

సామాను సంగతి నేను చెప్తా.

వాన గొట్టం: బట్టల అంగడిలో బట్ట చుట్టి వచ్చే అట్టగొట్టం అడిగితే ఊరికే ఇస్తారు. లావు రెండంగుళాలు, పొడవు 60 సెంటీమీటర్లు చాలు. అంగుళంన్నర మేకులు 60 దాకా తీసుకుని, గొట్టం చుట్టూ మరచుట్టులా, ఒక్కోటి సెంటీమీటరు ఎడంగా దిగ్గొట్టాలి. మేకు అవతలి గోడను పొడవకూడదు, అందుకే రెండంగుళాల మేకు పనికిరాదు. ఒక చివర అట్టబిళ్ల పెట్టి టేపు వేసి, పావు గ్లాసు కొర్రలు, ఒక గుప్పెడు జొన్నలు పోసి, రెండో చివర మూసేముందు అరచెయ్యి అడ్డం పెట్టి వంచి విను. గింజ ఎక్కువైతే ‘బుస్స్’మని ఒక్క ముద్దగా జారుతుంది. తక్కువైతే చినుకులు లెక్కపెట్టొచ్చు. సరిపోయాక మూసి, మేకుల తలలు కనబడకుండా గొట్టమంతా గుడ్డ చుట్టి అంటించు. పీవీసీ గొట్టంతో చేస్తే శబ్దం గట్టిగా వస్తుంది గానీ దానికి 2 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు కావాలి. మేకు కాల్చి గుచ్చొద్దు, పీవీసీ పొగ మంచిది కాదు.

వాడే పద్ధతిలోనే అందరూ తప్పుతారు. నిట్టనిలువుగా తిరగేస్తే రెండు మూడు సెకన్లలో వాన అయిపోతుంది. పడుకోబెట్టినట్టు పట్టుకుని ఒక చివర నాలుగు వేళ్ల ఎత్తు లేపితే సాగుతుంది.

ఉరుము: పాత ఎక్స్‌రే ఫిల్ము, ఛాతీకి తీసే పెద్ద సైజుది. పొట్టి అంచులు రెండూ పట్టుకుని కొద్దిగా వంచి మణికట్టుతో ఊపాలి. చిన్న ఫిల్ము టపటపమంటుంది, ఉరమదు. పెద్దది దొరక్కపోతే పలచటి అల్యూమినియం రేకు, 60 బై 45 సెంటీమీటర్లు. అంచులు మడిచి కొట్టించు, లేకపోతే వేళ్లు తెగుతాయి.

గాలి: పట్టుగుడ్డ ముక్కను అట్టపెట్టె అంచు మీద లాగడం. లాగే వేగం పెరిగితే గాలి పెరుగుతుంది. కప్పలు: దువ్వెన పళ్ల మీద బొటనవేలి గోరు. దువ్వెన వెనక అంచును ఖాళీ అట్టపెట్టెకు ఆనిస్తే చప్పుడు మూడింతలు పెద్దగా వినబడుతుంది.

గొట్టంలోనైనా, గింజలు పోసి ఊపే డబ్బాల్లోనైనా గింజను బట్టి వాన మారుతుంది. కొర్రలు తుంపర, జొన్నలు జల్లు, చింతగింజలు వడగళ్లు. పొట్టుతో ఉన్న వేరుశనక్కాయలు వానకు పనికిరావు, ఎండుటాకుల్లో నడిచే చప్పుడుకు బాగుంటాయి. ఎండిన దిరిసెన కాయలైతే గిలక చెయ్యనే అక్కర్లేదు, గుత్తిగా కట్టి ఊపడమే.

ఊరిబడి_లైబ్రరీ | 9:50

డబ్బాల్లో గింజలు సగానికి పోస్తే చప్పుడు మొద్దుగా వస్తోంది. ఇంకొంచెం పోయాలా?

కొర్రలడబ్బా | 9:53

తీసెయ్యాలి. పావు వంతు దాటితే గింజ ఎగిరి పడటానికి చోటుండదు. రెండు చెంచాలతో మొదలుపెట్టి చెంచా చెంచా పెంచుకుంటూ పో.

ఒకటోక్లాసు_టీచరమ్మ (నంద్యాల) | 10:15

సామాను ఉన్నంత మాత్రాన కాదండి. 28 మంది ఒళ్లో 28 డబ్బాలు పెడితే మొదటి పేజీ కూడా చదవనివ్వరు. ఏడుగురు చొప్పున నాలుగు జట్లు చేయండి: గాలి, ఉరుము, వాన, కప్ప. డబ్బాలు, దువ్వెనలు ఆయా జట్టు ముందు గుడ్డ కింద ఉండాలి. తమ పేజీ వచ్చినప్పుడే గుడ్డ తీయాలి. ఎక్స్‌రే ఫిల్ము ఒక్కటే ఉంటే ఉరుము జట్టులో ఒకరు ఫిల్ము ఊపుతారు, మిగతా ఆరుగురు పాదాలతో నేల మీద.

సైగలు నాలుగు చాలు. అరచెయ్యి తెరిస్తే మొదలు, చెయ్యి పైకి లేపితే పెద్దగా, కిందికి దించితే మెల్లగా, పిడికిలి మూస్తే ఆపాలి. చప్పుళ్లతో కథ మొదలుపెట్టకముందే ఐదు నిమిషాలు ఇదే ఆట ఆడించండి. మొదట నేర్పాల్సింది ఆపడమే. చప్పుడు చేయడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు!

సామాను లేకుండానే వాన చేసే పద్ధతి కూడా ఉంది. అరచేతులు రుద్దడం పది సెకన్లు. రెండు వేళ్లతో అరచేతి మీద కొట్టడం పది సెకన్లు. తర్వాత తొడల మీద చరచడం, ఆపైన పాదాలు. మళ్లీ అదే వరసలో వెనక్కి: తొడలు, వేళ్లు, రుద్దడం, నిశ్శబ్దం. గది ఒక చివర నుంచి మీరు చెయ్యి చూపిస్తూ నడిస్తే వాన ఆ వైపు నుంచి ఈ వైపుకు వస్తున్నట్టు వినబడుతుంది. చిటికెలు పెట్టొద్దు, ఆరేళ్ల పిల్లల్లో చాలామందికి చిటికె మోగదు, వేళ్లు చూసుకుంటూ కూర్చుంటారు. పాదాల దగ్గరికొచ్చాక వెనక్కి రావడం కష్టం. అందుకే పాదాలు ఐదు సెకన్లే.

40 నిమిషాలకు నా లెక్క ఇది: చప్పుడేమీ లేకుండా ఒకసారి చదవడం 8, ‘ఈ పేజీకి ఏ చప్పుడు?’ అని వాళ్లనే అడగడం 7, సైగలు 5, చప్పుళ్లతో చదవడం 12, మిగిలినది పిల్లలు పుస్తకం చేతుల్లోకి తీసుకోవడానికి. ఆ మొదటి మూగ చదువు మానొద్దు. కథ తెలియని పిల్లవాడికి తన వంతు ఎప్పుడొస్తుందో అన్న ఆత్రమే గానీ కథ చెవికెక్కదు.

అచ్చుతప్పు (ప్రొద్దుటూరు) | ఆదివారం ఉదయం 7:20

అంతా బాగుంది గానీ, మేకులూ రేకులూ వచ్చేముందు ఒక మాట. తెలుగులో వాన చప్పుడు మాటల్లోనే ఉంది. తుంపర, చినుకు, జల్లు, ముసురు, జడి, కుండపోత. ఒక్కోదాన్ని ఒక్కో తీరులో పలకొచ్చు. ‘చిటపట’లో ట నాలుక కొసన, ప పెదవి దగ్గర పగలాలి, మధ్యలో చిన్న ఎడం ఉండాలి. ‘జలజల’ ఎడం లేకుండా జారిపోవాలి. ‘హోరు’లో ఓకారం ఊపిరి ఉన్నంతసేపు సాగాలి. చాలామంది మూడింటినీ ఒకే గొంతుతో గబగబా చదివేసి, ఆ వెలితి నింపడానికి డబ్బా ఊపుతారు.

ఇంకొకటి. జంటగా వచ్చే ప్రతి మాటకూ చప్పుడు ఉండదు. గలగల, బెకబెక, గడగడ చెవికి సంబంధించినవి. తళతళ, మిలమిల కంటివి. ‘మెరుపు తళుక్కుమంది’ అన్నచోట తాళం కొట్టడం నాకు నచ్చదు. మెరుపుకు చప్పుడే లేదు. అక్కడ గొంతు ఆగిపోవాలి.

ఆ ఆగడంలోనే ఒక ఆట పెట్టొచ్చు. శబ్దం కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపు పేజీ చూపించి పిల్లలతో ఆరు దాకా లెక్కపెట్టించి ఉరుము మోగించండి, చిన్నగా: వాన రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంకోసారి మూడు లెక్క, ఇంకొంచెం పెద్దగా. మూడోసారి ఒకటి అనేలోపలే ఉరమాలి. వాన ఊరిమీదికి వచ్చేసిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

కొర్రలడబ్బా | 7:48

లెక్క ఆట బ్రహ్మాండం సార్. కానీ మాటలే చాలంటే ఒప్పుకోను. గొంతు మీది ఒక్కరిదే. మాటలు ఇంకా సరిగా పలకని పిల్లకు డబ్బా ఇస్తే ఆ పిల్ల కూడా కథలో ఉంటుంది.

అచ్చుతప్పు | 7:55

అది నిజమే. అయితే డబ్బా ఊపే ముందు మాట పలికించండి. ‘చిటపట’ అని అందరూ అన్నాకే గింజలు. లేకపోతే చప్పుడు గుర్తుంటుంది, మాట పోతుంది.

తకధిమి_కడప | 10:30

పాట గురించి ఎవరూ మాట్లాడ్లేదు కాబట్టి నేను వచ్చినా. కథలో పాట అంటే సినిమా బాణీ కాదు, రెండు లైన్ల పల్లవి చాలు. మూడు నాలుగు చోట్ల అదే తిరిగి వచ్చాంటే రెండోసారికే పిల్లోళ్లు అందుకుంటారు. ఈ పుస్తకానికి ఇట్లా:

మబ్బూ మబ్బూ ఎక్కడ ఉన్నావ్
చెరువూ చేనూ చూస్తూ ఉన్నాయ్

ఎందుకు నిలబడతాదో చూడండి. మబ్బూ, మబ్బూ, ఎక్కడ, ఉన్నావ్: ఒక్కోటి నాలుగు మాత్రలు. చెరువూ (లఘువు, లఘువు, గురువు) కూడా నాలుగే. అంటే తకధిమి నాలుగుసార్లు. ‘ఎక్కడున్నావ్’ అని సంధి చేచ్చే ఏడు మాత్రలే మిగిలి చప్పట్లు తప్పుతాయి. వ్యాకరణం ప్రకారం సంధి సరైందే గానీ చప్పట్ల దగ్గర అది పని చెయ్యదు.

గతి మారిస్తే నడక మారతాది. తకిట మూడు: కుందేలు గెంతు. తకధిమి నాలుగు: ఎద్దు నడక, మనిషి నడక. తకతకిట ఐదు: కుంటుకుంటూ పోయే మేక. కప్పల పేజీలో రెండు జట్లు ఒకదాని తర్వాత ఒకటి ‘బెక’, ‘బెకబెక’ అంటాంటే చాలు, గతి కూడా వద్దు. ఒకే పుస్తకంలో రెండు గతులు మించొద్దు.

శ్రుతి: ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల గొంతుకు రెండో శ్రుతి (ట్యూనర్‌లో ‘డి’) బాగుంటాది, స నుంచి ప లోపలే. మగ గొంతుతో కింది స్థాయిలో ఎత్తుకుంటే పిల్లోళ్లు అందుకోలేక అరుస్తారు, దాన్ని మనం అల్లరి అనుకుంటాం.

శ్రుతికి హార్మోనియం లేకపోతే గొట్టాలు కొయ్యండి. కరెంటు వైరింగుకు వాడే అంగుళం పీవీసీ పైపు, మూడు మీటర్లది ఒక్కటి. 28.5, 25.5, 22.5, 19, 16.5 సెంటీమీటర్లు. ఇవి రెండో శ్రుతికి మోహన రాగంలో స రి గ ప ద. మోహనంలో ఏ రెండు స్వరాలు పక్కపక్కన మోగినా చెవికి పొడుచుకోవు, అందుకే పిల్లోళ్ల చేతికి అదే. ఒక చివరను హవాయి చెప్పు ముక్కతో చరచాల, రెండో చివర తెరిచే ఉండాల. అర సెంటీమీటరు ఎక్కువే కోసి, ఫోన్‌లో ట్యూనర్ ఆప్ పెట్టుకుని, ఉప్పుకాగితంతో అరగదీచ్చా శ్రుతికి తెచ్చుకోండి. ఎక్కువ అరగదీచ్చే స్వరం పైకి పోతాది, వెనక్కి రాదు. ఒక పైపులో రెండు సెట్లు వచ్చాయి.

టేపురికార్డర్ (కర్నూలు) | 11:10

రికార్డు చేసిన చప్పుళ్లను పూర్తిగా పారేయొద్దు. నెమలి, రైలు, సముద్రం లాంటివి డబ్బాతో రావు. ఆలస్యం సంగతి: బ్లూటూత్‌లోనే సెకనులో పదో వంతు నుంచి మూడు పదో వంతుల దాకా పోతుంది. అంతకంటే పెద్ద దొంగ ఇంకొకటి ఉంది. కాసేపు ఏమీ మోగకపోతే చాలా స్పీకర్లు నిద్రలోకి పోతాయి, లేచేటప్పుడు మొదటి సెకను చప్పుడును మింగేస్తాయి. ఉరుములో అసలు దెబ్బ ఆ మొదటి సెకనే. వైరు పెట్టుకుంటే రెండూ పోతాయి. వైరు లేకపోతే ప్రతి ఫైలు ముందు రెండు సెకన్ల నిశ్శబ్దం చేర్చి, ఆ రెండు సెకన్లు ముందే నొక్కాలి. ఫైళ్లకు 1, 2, 3 అని పేజీల వరసలో పేర్లు పెట్టుకోండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఉరుము మధ్యలో ఎవరి ఫోనో వస్తే ఇక కథ లేదు.

స్పీకర్‌ను పుస్తకం వెనక కింద, గోడవైపు తిప్పి పెట్టండి. గొంతు పెంచకుండా మీరు దాని మీద మాట్లాడగలగాలి, అదే వాల్యూమ్‌కు హద్దు.

గది సిమెంటుదైతే అసలు శత్రువు ప్రతిధ్వని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తరగతి గదిలో వెనకటి రొద 35 డెసిబెళ్లు దాటకూడదని, ప్రతిధ్వని 0.6 సెకన్ల దగ్గర ఉండాలని ఉంది. నాలుగు నున్నటి గోడలు, పైన స్లాబు, ఖాళీ నేల ఉన్న గదిలో ఉరుము మోగితే తర్వాతి వాక్యం మొదటి మాటలు దాంట్లోనే మునిగిపోతాయి. జంపఖానా పరిచి, వెనక గోడకు రెండు బొంతలు వేలాడదీస్తే తేడా చప్పట్లు కొడితేనే తెలుస్తుంది. చెట్టు కింద కూర్చుంటే ప్రతిధ్వని ఉండదు గానీ కొర్రల తుంపర రెండో వరస దాటదు. అక్కడ జొన్నలు వాడాలి.

చిన్నోడి_అమ్మ (గుంతకల్లు) | 12:05

ఇంట్లో ఒక్క పిల్లాడు, రెండేళ్లు నిండలేదు. రైలు పుస్తకం అంటే ప్రాణం. ఈ డబ్బాలు ఇవ్వొచ్చా?

ఒకటోక్లాసు_టీచరమ్మ | 12:20

గింజలున్నవేవీ చేతికివ్వొద్దమ్మా. టేపు ఊడితే జొన్నగింజ, చింతగింజ నేరుగా నోట్లోకో ముక్కులోకో పోతుంది. మీ చేతిలో ఉంచుకుని మీరే ఊపండి. వాడికి స్టీలు గిన్నె, చెక్క గరిటె చాలు. ఈ వయసుకు ఒక పేజీకి ఒక చప్పుడు, అదీ వాడు వేలు పెట్టి చూపించిన బొమ్మకే. మళ్లీ మళ్లీ అదే పేజీ అడిగితే తిప్పొద్దు.

తెరవెనుక | 12:31

గుంతకల్లులో రైలుకు ‘చుకుచుకు’ అంటే పిల్లోడే నవ్వుతాడక్కా. ఆవిరింజను పోయి ఎన్నాళ్లో అయింది. పట్టాలను పొడుగ్గా అతికేసినాక అతుకుల ‘టకటక టకటక’ కూడా తగ్గిపోయింది, పట్టాలు మారే పాయింట్ల మీద పోయేటప్పుడే గట్టిగా వినబడతాది. వాడు రోజూ వినేది హారను, ఇనుప చక్రాల కీచు, స్టేషనులో గంట. అవి పెట్టు. ‘చుకుచుకు’ పాత ఇంజను బొమ్మ వచ్చినప్పుడు.

ఊరిబడి_లైబ్రరీ | 1:15

ఇద్దరి గురించి అడగాలి. ఒక పాప పెద్ద చప్పుడుకు చెవులు మూసుకుంటుంది. ఇంకో బాబుకు వినికిడి యంత్రం ఉంది.

ఒకటోక్లాసు_టీచరమ్మ | 1:40

పాపకు ఉరుము పేజీ ముందే చూపించి ‘ఇక్కడ పెద్ద చప్పుడు వస్తుంది’ అని చెప్పండి. పిడికిలి సైగ పని ఆ పాపకే ఇవ్వండి. ఎప్పుడు ఆపాలో తన చేతిలో ఉంటే అంత భయం ఉండదు. అయినా చెవులు మూసుకుంటే మూసుకోనివ్వండి, చేతులు తీయించొద్దు.

బాబును ఎక్స్‌రే ఫిల్ముకు, రేకుకు దగ్గర కూర్చోబెట్టొద్దు. అందరూ ఒకేసారి మోగిస్తే వాడికి అంతా ఒకే రొద అవుతుంది, కాబట్టి ఒక్కో జట్టు విడివిడిగా మోగాలి. మీ పెదవులు కనబడేటట్టు, పుస్తకం మీ మొహానికి అడ్డం రాకుండా పక్కన పట్టుకోండి. ఉరుము జట్టులో వాళ్లు చెక్కబల్ల మీద పిడికిళ్లతో కొడుతుంటే వాడి అరచెయ్యి అదే బల్ల మీద ఉంచండి, ఉరుము చేతికి తెలుస్తుంది.

ఊరిబడి_లైబ్రరీ | 2:05

చాలా సంతోషం. ఇదంతా రికార్డు చేసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

టేపురికార్డర్ | 2:30

పుస్తకాన్ని బట్టి ఉంటుంది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో పుస్తకాలు ఎక్కువగా క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 లైసెన్సు కింద ఉంటాయి. రచయిత, బొమ్మలు వేసినవారు, అనువాదకులు, ప్రచురణకర్త పేర్లు చెప్పి పంచుకోవచ్చు. చివరి పేజీలో లైసెన్సు రాసి ఉంటుంది, చూసుకోండి. మామూలు కాపీరైటు పుస్తకమైతే చదివిన వీడియో బయట పెట్టాలంటే ప్రచురణకర్తను అడగాల్సిందే. పక్షుల కూతలకు జెనో-కాంటో వెబ్‌సైటు మంచిదే గానీ అక్కడ ఒక్కో రికార్డుకు ఒక్కో లైసెన్సు. కత్తిరించి వాడటానికి ఒప్పుకోనివి చాలా ఉన్నాయి.

వాన గొట్టాన్ని రికార్డు చేసేటప్పుడు ఫోన్ మూరెడు దూరంలో ఉండాలి. ఆనించి పెడితే గరగరమంటుంది. బయట కప్పల కోసం వెళ్తే మైకు మీద ఉతికిన సాక్సు తొడగండి, గాలి కొట్టుడు తగ్గుతుంది.

కొర్రలడబ్బా | 2:44

‘ఉతికిన’ అన్న మాట కింద గీత గీయాలి.

ఊరిబడి_లైబ్రరీ | 3:10

అయితే ఇది ఖాయం: నాలుగు జట్లు, చివరి పేజీ మూగ, పల్లవి మూడు చోట్ల. పైపు దొరికేలోపల శ్రుతికి గాజు సీసాల్లో నీళ్లు పోసి వాడుకోవచ్చా?

తకధిమి_కడప | 3:35

వాడొచ్చు, కానీ రెండు సంగతులు. చెంచాతో కొడితే నీళ్లు ఎక్కువున్న సీసా కింది స్వరం పలుకుతాది. అదే సీసా మూతి మీద ఊదితే నీళ్లు ఎక్కువున్నది పై స్వరం పలుకుతాది. రెండూ కలిపి నేర్పిచ్చే పిల్లోళ్లు తికమకపడతారు, ఏదో ఒకటే పెట్టుకోండి. ఇంకోటి, మన ఎండలకు నీళ్లు ఆవిరైపోతాయి. శుక్రవారం సరిచేసిన సీసాను శనివారం మధ్యాహ్నం చెంచాతో కొడితే స్వరం కొంచెం పైకి ఎక్కి ఉంటాది. నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి పెట్టి, పిల్లోళ్లు వచ్చేముందు గీత దాకా నీళ్లు పోయండి. చెంచా ఇనుముది వద్దు, కొయ్యది.